టెక్నికల్ కో-ఫౌండర్‌ను వెతికే ముందు

(భీమవరంలో స్టార్టప్ పెట్టాలనుకుంటున్న యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

నేను సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నాను. అందువల్ల నాకు తరచూ ఒక రకం ఫోన్ వస్తుంటుంది. "అన్నా, నా దగ్గర మంచి యాప్ ఐడియా ఉంది. నాకు కోడింగ్ రాదు. టెక్నికల్ కో-ఫౌండర్ కావాలి. ఇప్పుడే జీతం ఇవ్వలేను గానీ కంపెనీలో వాటా ఇస్తాను. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ వెతుకులాటలోనే ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. టెక్నికల్ కో-ఫౌండర్ అంటే కంపెనీలో భాగస్వామిగా చేరి సాఫ్ట్‌వేర్ పని చూసుకునే మనిషి. అందుకే ఈ రోజు ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

ఆ ఫోన్ ఎత్తిన ఇంజినీరు వైపు నుంచి ఒకసారి చూడండి. పని వచ్చిన మనిషికి ఇప్పటికే ఉద్యోగం ఉంటుంది. ఇంటి లోను ఉంటుంది, పిల్లల ఫీజులు ఉంటాయి. మీ యాప్ మొదటి రూపం బయటికి రావాలంటే అతను కొన్ని నెలల పాటు సాయంత్రాలు, శని ఆదివారాలు దానికే ఇవ్వాలి. ఇన్ని ఇచ్చాక అప్పుడు తెలుస్తుంది, ఆ యాప్ ఎవరికైనా కావాలా వద్దా అని. ఆ ప్రశ్నకు జవాబు మీరు ఒక్కరే, కోడ్ లేకుండా, కొన్ని వారాల్లో రాబట్టగలరు. రాబట్టగలిగీ రాబట్టకుండా వస్తే అతను ఎందుకు ఒప్పుకోవాలి? ఎంతో తెలివైన పిల్లలు "డెవలపర్ దొరకలేదండీ" అంటూ ఏళ్ల తరబడి ఆగిపోవడం చూశాను. నాకు నిజంగా బాధగా ఉంటుంది. వాళ్ల చేతిలో ఉన్న పని వాళ్లు మొదలుపెట్టి ఉంటే డెవలపర్ దొరికేవాడు.

ఇంజినీరు ఉంటే చాలు, అన్నీ జరిగిపోతాయనుకోవద్దు. రెడ్‌బస్ చూడండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీ ఉందో ఏ ఏజెంటుకూ పూర్తిగా తెలియదు. మామూలుగా ఆ కథ ఇక్కడి దాకానే చెప్పుకుంటాం. తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యం. ఫణీంద్ర, ఆయన మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు, ముగ్గురూ బిట్స్ పిలానీలో చదివిన ఇంజినీర్లు. వాళ్లకు టెక్నికల్ కో-ఫౌండర్ కొరతే లేదు. బస్సు ఆపరేటర్లు వాడుకునేలా సాఫ్ట్‌వేర్ రాశారు. ఆపరేటర్లు పట్టించుకోలేదు. ఆపరేటరుకు సీట్లు నిండటం కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం అతనికి అదనపు తలనొప్పి. అది అర్థమయ్యాక వాళ్లు దారి మార్చారు. ఆపరేటర్ల దగ్గర కొన్ని సీట్లు తీసుకుని తామే అమ్మిపెట్టడానికి పూనుకున్నారు. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది, 2013లో ఐబిబో అనే కంపెనీ దాన్ని కొనుక్కుంది. ముగ్గురు ఇంజినీర్లకు, చేతిలో పూర్తయిన సాఫ్ట్‌వేర్ ఉండి కూడా, ఎవరికి ఏం కావాలన్నది బస్సుల వాళ్ల దగ్గర నిలబడితేనే తెలిసింది.

ఇంజినీరు లేకుండా మొదలుపెట్టినవాళ్ల సంగతి చూద్దాం. ప్రయాణికులకు ఇళ్లలో బస చూపించే ఎయిర్‌బీఎన్‌బీ స్థాపకుల్లో బ్రయాన్ చెస్కీ, జో గెబియా ఇద్దరూ డిజైనర్లు. 2007 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో డిజైనర్ల సదస్సు జరిగింది, హోటళ్లు నిండిపోయాయి. వీళ్లకేమో ఇంటద్దె కట్టడానికి డబ్బుల్లేవు. హాల్లో గాలి పరుపులు వేసి, మామూలు వెబ్ పేజీ ఒకటి పెట్టి, పొద్దున టిఫిన్‌తో సహా రాత్రికి 80 డాలర్లన్నారు. ముగ్గురు వచ్చారు, డబ్బు కట్టి ఉన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఇంట్లో పడుకోవడానికి డబ్బిచ్చేవాళ్లు ఉన్నారని అప్పుడు తేలింది. గెబియా పాత రూమ్‌మేట్, ఇంజినీరు నేథన్ బ్లెకార్చిక్ కలిసింది ఆ తర్వాతే. ఆ ముగ్గురి కంపెనీయే ఈ రోజు మనకు తెలిసిన ఎయిర్‌బీఎన్‌బీ.

స్విగ్గీ మనకు ఇంకా దగ్గర. శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి మొదట బండిల్ పేరుతో చిన్న వ్యాపారుల సరుకు చేరవేసే కొరియర్ వ్యాపారం పెట్టారు. అది నిలవలేదు, మూసేశారు. సరుకు ఎలా కదులుతుందో, ఎక్కడ డబ్బు కారిపోతుందో ఆ పనిలో తెలుసుకున్నారు. 2014లో రాహుల్ జైమినీ టెక్నాలజీ వైపు వచ్చి చేరారు, బెంగళూరులో కోరమంగళ ఒక్కచోటే స్విగ్గీ మొదలైంది. అప్పటికి ఆ ఇద్దరి దగ్గర ఉన్నది ఆలోచన ఒక్కటే కాదు, డెలివరీ పని ఎలా నడుస్తుందో చేసి తెలుసుకున్న అనుభవం ఉంది. ఇంజినీరును లాగేది ఆ అనుభవమే.

సరే, కథలు చాలు. మనం భీమవరంలో ఉన్నాం కాబట్టి ఇక్కడి ఐడియా ఒకటి ఊహించుకుని, దాన్ని చివరిదాకా నడిపించి చూద్దాం.

వరికోత మిషన్ల యాప్ అనుకోండి. రైతు ఫోన్‌లో నొక్కితే మిషన్ పొలానికి వస్తుంది. మధ్యవర్తి ఉండడు, రైతుకు కమీషన్ మిగులుతుంది. వినడానికి బాగుంది. మామూలుగా ఇక్కడ ఏం చేస్తారు? లోగో చేయిస్తారు, పేరు రిజిస్టర్ చేస్తారు, డెవలపర్ కోసం వెతుకుతారు. మనం అవేవీ చేయం. ముందు ఊళ్లోకి వెళ్దాం.

రైతును "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అని అడిగితే "వాడతాం బాబూ, మంచిదేగా" అంటాడు. మర్యాదస్తుడు, మీ మొహం మీద కాదనడు. ఆ జవాబుకు విలువ లేదు. రాబోయే కాలం గురించి అడిగితే అందరూ మంచే చెబుతారు. జరిగిపోయిన దాని గురించి అడగండి. పోయిన సార్వాలో మిషన్ ఎవరు పంపారు? చేను కోతకొచ్చాక ఎన్ని రోజులు ఆగారు? ఎవరెవరికి ఫోన్ చేశారు? డబ్బు ఎప్పుడు ఇచ్చారు, అప్పుడేనా, ధాన్యం అమ్మాకనా? చైన్ మిషన్ వచ్చిందా, టైర్ మిషన్ వచ్చిందా? ఎన్ని గంటలు పట్టింది, గొడవ ఏమైనా అయిందా? మీ యాప్ పేరు కూడా ఎత్తొద్దు. వినండి, రాసుకోండి.

అలా అడుగుతూ పోతే మీ ఐడియా మీ కళ్ల ముందే మారడం మొదలవుతుంది. మధ్యవర్తి ఊరికే కమీషన్ తినే మనిషని మీరనుకున్నారు కదా. అతను చేసే పనులు చూడండి. పక్కపక్క చేలను కలిపి ఒకే రోజుకు పెట్టిస్తాడు, మిషన్ ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి ఖాళీగా తిరగకుండా. గట్టు దాటేటప్పుడు పక్క రైతుతో మాట్లాడి ఒప్పిస్తాడు. రైతు డబ్బు ఆలస్యం చేస్తే మిషన్ ఓనరుకు పూచీ ఉంటాడు. చేను పడిపోయి ఉంటే కోతకు గంటలు ఎక్కువ పడతాయి, ఆ గంటల దగ్గర తగువొస్తే తీరుస్తాడు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఊరంతా ఒకేసారి మిషన్ కావాలంటుంది. ఎవరి చేను ముందు, ఎవరిది తర్వాత అని చెప్పి నిలబడగలిగేది అతనే. ఇవన్నీ చేయని యాప్‌ను రైతు ఎందుకు నమ్మాలి?

అప్పుడు కొత్త ప్రశ్నలు పుడతాయి. ఇందులో ఎక్కువ నష్టపోతున్నది ఎవరు? రైతా, ఖాళీగా తిరిగే మిషన్ ఓనరా? డబ్బు కట్టేది ఎవరు? మీ అసలు కస్టమర్ ఆ మధ్యవర్తే అవుతాడేమో. అతని దగ్గర పుస్తకంలో, బుర్రలో ఉన్న వరస అంతా సరిగా పెట్టిస్తే అతను నెలకు కొంత కడతాడేమో. పని సార్వా, దాళ్వా కోతలప్పుడే ఉంటుంది. మిగతా నెలల్లో మీ యాప్‌ను ఫోన్‌లో ఎవరు ఉంచుకుంటారు? అసలు రైతు యాప్ తెరుస్తాడా, ఫోన్ చేసి మాట్లాడతాడా? మాట్లాడతాడు అని తేలితే మీకు కావలసింది మెరిసే యాప్ చేసే మనిషి కాదు. ఫోన్ కాల్స్, వాయిస్ మెసేజ్‌లు, మిషన్ల వరస సర్దడం, ఇవి తెలిసిన ఇంజినీరు కావాలి. ముందే కో-ఫౌండర్‌ను పట్టుకుని ఉంటే, సగం కంపెనీ వాటా మీకు అవసరం లేని నైపుణ్యానికి ఇచ్చేసి ఉండేవాళ్లు.

ఇక చేతులతో నడపండి. ఒక్క ఊరు, ఒక్క వాట్సాప్ నంబరు, ఒప్పుకున్న ఇద్దరు ముగ్గురు మిషన్ ఓనర్లు, ఒక గూగుల్ షీట్. రైతు ఫోన్ చేస్తే మీరే ఎత్తండి, మీరే వరస వేయండి, మిషన్ వెనకాల మీరే బండి మీద వెళ్లండి. తేదీ ఖాయం చేయడానికి రెండు వందలు అడ్వాన్స్ యూపీఐలో పంపమనండి. చిన్న మొత్తమే. దాన్ని అడిగిన నిమిషంలో నిజం బయటికొస్తుంది. "బాగుంది బాబూ" అన్నవాళ్లలో ఎందరు పంపారు, ఎందరు "రేపు చూద్దాం" అన్నారు, అది రాసుకోండి. పంపని వాళ్లనే మళ్లీ కలవండి. మీ దగ్గర లేనిదేమిటో వాళ్లే చెబుతారు.

ఇలా చేయడం కోడ్ రాని వాళ్లకే అనుకోవద్దు. అమెరికాలో భోజనం డెలివరీ చేసే డోర్‌డాష్‌ను మొదలుపెట్టినవాళ్లు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, వాళ్లలో కోడ్ వచ్చినవాళ్లూ ఉన్నారు. చిన్న వ్యాపారులకు ఏదో సాఫ్ట్‌వేర్ చేద్దామని దుకాణాలు తిరుగుతుంటే, పాలో ఆల్టోలో ఒక మిఠాయి దుకాణం ఆమె లావుపాటి పుస్తకం తీసి చూపించింది. పేజీలకు పేజీలు డెలివరీ ఆర్డర్లు, పంపడానికి మనుషులు లేక ఆమె చేయలేకపోయినవి. ఆ పుస్తకం జరిగిపోయిన సంగతి, ఎవరి అభిప్రాయమూ కాదు. 2013 జనవరిలో వాళ్లు ఒక వెబ్ పేజీ పెట్టారు. దాని మీద రెస్టారెంట్ల మెనూల పీడీఎఫ్‌లు, ఒక ఫోన్ నంబరు, అంతే. ఆ పేజీ పెట్టడానికి సుమారు గంట పట్టిందట. ఆ రోజే థాయ్ భోజనం కావాలని ఫోన్ వచ్చింది. వాళ్లే కారులో వెళ్లి తెచ్చి ఇచ్చారు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత, పని చేతులకు మించినప్పుడు వచ్చింది.

ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. జనానికి కావాలని తేలడం ఒకటి, లెక్క కుదరడం ఇంకొకటి. బెంగళూరులో కబీర్ బిశ్వాస్ డన్జోను వాట్సాప్ మీదే మొదలుపెట్టారు. ఏం కావాలన్నా మెసేజ్ పెట్టండి, తెచ్చిస్తాం అన్నారు. జనం ఎగబడ్డారు. 2017లో గూగుల్, 2022లో రిలయన్స్ రిటైల్ పెట్టుబడి పెట్టాయి. అయినా ఖర్చులు మోయలేక 2025 మొదట్లో యాప్ ఆగిపోయింది. కనుక చేతులతో నడిపే రోజుల్లోనే ప్రతి ఆర్డరు పక్కన రెండు అంకెలు రాయండి: ఎంత వచ్చింది, ఎంత పోయింది. పెట్రోలు, ఫోను, మీ గంటలు, అన్నీ కలపండి. మీ గంటలకు విలువ కట్టకపోతే ఆ లెక్క అబద్ధం చెబుతుంది. ఈ షీట్ చూపిస్తే ఏ ఇంజినీరైనా రెండో నిమిషంలోనే మీ వైపు తిరుగుతాడు. నా సంగతి నేను చెబుతున్నాను, నేనైతే తిరుగుతాను.

"ఇప్పుడు ఏఐతో యాప్ మనమే చేసుకోవచ్చు కదా, ఇదంతా ఎందుకు?" అని కొందరు అడుగుతున్నారు. నిజమే, కోడ్ రాని మనిషి కూడా ఇప్పుడు రెండు రోజుల్లో చూపించదగ్గ యాప్ చేయగలడు. చేయండి, సంతోషం. తెర మీద బొమ్మ చూపిస్తే రైతు మాట్లాడటం తేలికవుతుంది. అయితే యాప్ తయారైందన్న తృప్తి చాలా మోసం చేస్తుంది. పని జరిగినట్టే ఉంటుంది గానీ కొనేవాడి దగ్గరకు మీరు ఒక్క అడుగు కూడా వేసి ఉండరు. ప్లే స్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత డెవలపర్ ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్షించాలని గూగుల్ నియమం పెట్టింది. ఆ 12 మంది కోసం స్నేహితులను, చుట్టాలను బతిమాలుకుంటున్నామంటే, వాడేవాళ్లెవరో మనకింకా తెలియదన్నమాట.

ఇంజినీరు దగ్గరకు వెళ్లే రోజు గురించి కూడా చెప్పాలి. అప్పుడు మాటల కంటే కాగితాలు పట్టుకెళ్లండి. ఎంతమందితో మాట్లాడారు, వాళ్లు చెప్పిన మాటలు వాళ్ల భాషలోనే, ఎవరు డబ్బు కట్టారు, ఎవరు రెండోసారి వచ్చారు, చేతులతో చేస్తుంటే ఎక్కడ పని ఆగిపోతోంది. "నాకు యాప్ కావాలి" అనకండి. "రోజుకు ఇరవై ఫోన్లు దాటితే వరస తప్పుతున్నాను, ఇక్కడ నీ సాయం కావాలి" అనండి. మంచి ఇంజినీరుకు ఇలాంటి సమస్య ఇస్తే రాత్రి నిద్ర పట్టదు. కోడ్ మొదలుపెట్టేది అతనే అయినా, మీరు చేతులతో చేస్తున్న పనిని మీతో కలిసి కొన్నాళ్లు చేయమనండి. ఒకరి తీరు ఒకరికి అప్పుడే తెలుస్తుంది.

వాటా సంగతి. "ఐడియా నాది, నీకు ఐదు శాతం" అనేవాళ్లున్నారు. జీతం లేకుండా ఏళ్ల తరబడి పని చేయబోయే మనిషిని కో-ఫౌండర్ అని పిలిచి ఐదు శాతం ఇవ్వడం న్యాయం కాదని నా అభిప్రాయం. సమానంగా, లేదా సమానానికి దగ్గరగా ఇవ్వండి. మీ వైపు కస్టమర్లు, లెక్కలు, అనుభవం ఉన్నప్పుడు మీరూ తలెత్తుకుని కూర్చుంటారు. ఎవరి వాటా అయినా వెస్టింగ్ మీద పెట్టుకోండి, మీది కూడా. మామూలుగా నాలుగేళ్లలో విడతలుగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకుంటారు. స్నేహితులమే కదా అని నోటిమాటతో వదిలేస్తే తర్వాత స్నేహమూ ఉండదు, కంపెనీ కూడా ఉండదు. కాగితం మీద పెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, ఇలా ఊరూరా తిరిగి అడిగితే మా ఐడియా ఎవరైనా కాపీ కొట్టరా?

కొట్టొచ్చమ్మా. ఆలోచనకు మన చట్టంలో కాపీరైట్ లేదు. 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఆలోచనను ఏ రూపంలో వ్యక్తం చేశారో దానికే రక్షణ, ఆలోచనకు కాదు. పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు కూడా రాదు. కాబట్టి దాచుకుని రక్షించుకునే దారి ఎలాగూ లేదు. నువ్వు వందమంది రైతులతో మాట్లాడి, ఒక కోత కాలం మిషన్ల వెంట తిరిగి ఉంటే, నీ ఐడియా విన్న మనిషికి అందులో వందో వంతు కూడా తెలియదు. అతను కాపీ కొట్టేది నీ మొదటి రోజు ఊహను. దాన్ని నువ్వెప్పుడో దాటేసి ఉంటావు.

ఒక యువకుడు: నేను ఉద్యోగం చేస్తున్నానండీ. దీనికోసం మానేయాలా?

ఇప్పుడే మానొద్దు. రైతులతో మాట్లాడటానికి ఆదివారాలు చాలు, ఫోన్లు సాయంత్రాలు చేయొచ్చు. కోతల పది రోజులు సెలవు పెట్టుకోండి. ఇంట్లో అమ్మానాన్నలు టెన్షన్ పడేది మీరు ఏ ఆధారమూ లేకుండా దూకేస్తారేమోనని. షీట్‌లో అంకెలు పెరుగుతుంటే వాళ్లకు చూపించండి. ఉద్యోగం మానే సమయం వచ్చిందో లేదో ఆ అంకెలు చెబుతాయి, నేను చెప్పలేను.

అదే యువకుడు: ఎంతమంది డబ్బు కడితే చాలనుకోవాలి?

ఒక అంకె చెప్పమంటే చెప్పలేను, వ్యాపారాన్ని బట్టి మారుతుంది. నేనైతే రెండు చూస్తాను. మొదటిసారి కట్టినవాళ్లు మీరు గుర్తుచేయకుండా రెండోసారి వచ్చారా? ఒక వారం మీరు సర్వీసు ఆపితే ఎవరైనా ఫోన్ చేసి అడిగారా? అడిగితే మీ దగ్గర ఏదో ఉంది. ఇంజినీరును వెతకడం ఆ వారమే మొదలుపెట్టండి.

వెనక నుంచి ఒకరు: ఎవరూ కట్టకపోతే?

ఎందుకు కట్టలేదో ముందు తెలుసుకోండి. ధర ఎక్కువా, నమ్మకం లేదా, లేక అది వాళ్లకు అంత పెద్ద కష్టమే కాదా? ధరైతే మార్చి చూడండి. నమ్మకమైతే ఊళ్లో నమ్మకమున్న మనిషిని కలుపుకోండి. కష్టమే కాదంటే ఆ ఐడియా వదిలేయండి, మొండికేయొద్దు. మీకు పోయింది కొన్ని వారాలు, కొంత పెట్రోలు డబ్బు. ఎవరి ఏడాదినీ మీరు వృథా చేయలేదు, ఎవరికీ వాటా బాకీ లేరు. అలా నిజాయితీగా వదిలేసి వచ్చిన మనిషి, తర్వాత ఇంకో ఐడియాతో, ఇంకో షీట్‌తో ఫోన్ చేస్తే నేను తప్పకుండా ఎత్తుతాను. నాలాంటి ఇంజినీర్లు చాలామంది ఎత్తుతారు.